వ్యక్తి లభ్యం కాలేదు

చేతులు కడుక్కున్న నేరానికి మా నర్సింగ్ కాలేజీలో ఒక పిల్లకి మెమో ఇచ్చారు. ఆ మెమో టైపు చేసింది నేనే. "సదరు విద్యార్థిని గత సోమవారం ఉదయం వార్డులో విధుల్లో ఉండగా, రెండు చేతులనూ మోచేతుల వరకు, సబ్బుతో, ఉద్దేశపూర్వకంగా కడుక్కొన్నట్లు ఈ కార్యాలయం దృష్టికి వచ్చినది" అని రాశాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎన్నో మెమోలు టైపు చేశాను గానీ, ఇంత శుభ్రమైన నేరం మళ్లీ చూడలేదు.

నవ్వకండి. అప్పుడు అక్కడ ఉన్నవాళ్లం ఎవరమూ నవ్వలేదు. నవ్వితే దానికీ ఒక మెమో వచ్చేది, అదీ నేనే టైపు చేయాల్సి వచ్చేది.

మొదటినుంచి చెబుతాను. మా ఊరు సముద్రానికి దగ్గర, జీడితోటలకి ఇంకా దగ్గర. ఊళ్లో ఆడవాళ్లలో సగం మంది ఫ్యాక్టరీల్లో జీడిపిక్కలు కొట్టి బతుకుతారు. పెద్దాసుపత్రి ఒకటుంది, దాన్ని ఆనుకుని మా కాలేజీ. నేను అందులో ఆఫీసు సూపరింటెండెంటుని, పేరు పట్నాయక్. కిందటేడు జూన్‌లో ప్రభుత్వం 'శుశ్రూషా దీపిక' అని ఒక పథకం పెట్టింది. పేదింటి ఆడపిల్ల నర్సింగ్ చదివితే ఫీజూ, హాస్టలూ, పుస్తకాలూ, తెల్ల యూనిఫారమూ అన్నీ ప్రభుత్వమే చూసుకుంటుంది. మంచి పథకం. వెటకారానికి అనడం లేదు, నిజంగానే మంచిది. నాలుగో పేజీ దాకా దానికి వంక పెట్టడానికి ఏమీ లేదు.

అయిదో పేజీలో వేలిముద్ర ఉంది.

ఎక్కడో ఏదో కాలేజీలో లేని పిల్లల పేర్లు రాసి సొమ్ము తినేశారట. తిన్నవాళ్లని పట్టుకోవడం కష్టం కాబట్టి, ఉన్న పిల్లలందరూ నెలనెలా తాము ఉన్నామని రుజువు చేసుకోవాలని తేల్చారు. ప్రతి నెలా మొదటి అయిదు రోజుల్లో మిషను మీద కుడిచేతి బొటనవేలు పెట్టాలి. పచ్చ దీపం వెలిగితే పిల్ల ఉన్నట్టు. ఎర్ర దీపం వెలిగితే లేనట్టు. వరసగా మూడు నెలలు లేకపోతే పథకంలోంచి పేరు కొట్టేస్తారు, పరీక్షకి హాల్ టికెట్ ఇవ్వరు.

మిషను వచ్చిన రోజున పథకం ప్రత్యేకాధికారి సదానందం గారు స్వయంగా వచ్చారు. ఆయన మనిషి చెడ్డవాడు కాదు. లంచం తీసుకోడు, ఎవరినీ కసురుకోడు, ఫైలు మీద ధూళి పడనివ్వడు. ఇలాంటి మంచివాళ్లతోనే నాకు భయం. మిషనుకి బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, "పారదర్శకత, జవాబుదారీతనం, సాంకేతికత, ఈ మూడింటి సంగమ క్షేత్రంగా ఈ కళాశాల నేడు అవతరించింది" అన్నారు. కొబ్బరినీళ్లు మిషను మీద చిందితే ఆయనే తన జేబురుమాలుతో తుడిచారు.

మొదటి సంవత్సరం పిల్లలు వరసగా వచ్చి వేలు పెట్టారు. అందరికీ పచ్చ. చప్పట్లు కొట్టాం. రెండో సంవత్సరం పిల్లల దగ్గరికొచ్చేసరికి అక్కడక్కడ ఎరుపు మొదలైంది. ఆఖరి సంవత్సరం పిల్లలు నలభై మంది. అందులో ఇరవై తొమ్మిది మందికి ఎర్ర దీపం వెలిగింది. ఎర్ర దీపంతో పాటు మిషనులోంచి ఒక ఆడగొంతు, ఎంతో మర్యాదగా, "వ్యక్తి లభ్యం కాలేదు. ధన్యవాదములు" అనేది. లభ్యం కాని వ్యక్తి ఆ మాట వింటూ ఎదురుగా నిలబడి ఉండేది.

కారణం మా ప్రిన్సిపాల్ మార్తమ్మ మేడం ఒక్క క్షణంలో చెప్పేసింది. "వార్డులో రోగిని ముట్టుకునే ముందొకసారి, ముట్టుకున్నాక ఒకసారి చేతులు కడగాలి సార్. రోజుకి నలభై, యాభైసార్లు. సబ్బు, స్పిరిటు, బ్లీచింగు. మూడేళ్లకి వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. పని చేసే పిల్లలకే అరుగుతాయి."

మేడం చెప్పింది నిజమో కాదో తెలుసుకోవాలంటే ఆ జాబితా చూస్తే చాలు. ఆఖరి సంవత్సరంలో మిషను మొదటి దెబ్బకే గుర్తుపట్టిన పిల్ల పేరు జ్యోత్స్న. ఆ పిల్లకి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, అందుకని మూడేళ్లలో వార్డు గుమ్మం దాటింది తక్కువ. మిషను ఎంతకీ గుర్తుపట్టని పిల్ల తామాడ హైమావతి. పది వేళ్లూ పెట్టి చూసింది, పదిసార్లూ ధన్యవాదములే. హైమావతి క్లాసులో మొదటి స్థానంలో ఉండే పిల్ల. నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్ల వార్డులో డ్యూటీ అంటే ముందుంటుంది. ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కా పాలు పట్టడంలో స్టాఫ్ నర్సులు కూడా దాన్నే పిలుస్తారు. మిషను చాలా గొప్పదని నాకు అప్పుడే తెలిసింది. పని చేసేవాళ్లెవరో, చేయనివాళ్లెవరో ఒక్కటంటే ఒక్క పొరపాటు లేకుండా విడదీసింది. దీపాల రంగులే తారుమారయ్యాయి.

రూలు ప్రకారం పిల్ల ముద్ర పడకపోతే తల్లిదండ్రుల ముద్ర వేయవచ్చు. ఆ జూలై మొదటి వారంలోనే హైమావతి తల్లి రాజులమ్మ ఒక పూట కూలి మానుకుని వచ్చింది. తండ్రి లేడు. సదానందం గారు ఆ రోజు తనిఖీకి వచ్చి నా గదిలోనే కూర్చుని ఉన్నారు.

"ఏటి బాబూ, మా పాప లేదంతందట ఈ మిసను?" అంది రాజులమ్మ, చెప్పులు గుమ్మం బయటే విడిచి వస్తూ.

"కంగారు పడకమ్మా. పథకంలో ప్రత్యామ్నాయ ఏర్పాటు ఉంది. నీ బొటనవేలు ఇలా పెట్టు" అన్నారాయన.

రాజులమ్మ చెయ్యి చాపింది. ఆ చెయ్యి చూడగానే నాకు సంగతి అర్థమైపోయింది. పంతొమ్మిదేళ్లుగా జీడిపిక్కలు కొడుతున్న చెయ్యి. అరచెయ్యంతా నల్లటి మచ్చలు, వేలికొనలు గోలీకాయల్లా నున్నగా ఉన్నాయి. జీడి నూనె గీతల్ని ఎప్పుడో తినేసింది. మిషను కాసేపు వెతికింది. "వ్యక్తి లభ్యం కాలేదు. ధన్యవాదములు" అంది.

"నాను కూడా లేనేటి బాబూ?" అంది రాజులమ్మ.

"మీరిద్దరూ ఉన్నారనడానికి ఆధారం కావాలమ్మా."

"ఎదురుగా నిలబడ్డాం కద బాబూ. మీతోనే మాటాడతన్నాను గదా."

సదానందం గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, చంటిపిల్లకి పాఠం చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. "ఎదురుగా నిలబడడం ఆధారం కాదమ్మా. అది కేవలం పరిస్థితి."

ఆ మాట నేను నోట్ ఫైల్లో రాసుకోలేదు గానీ, మనసులో మాత్రం గట్టిగా రాసుకున్నాను. ఆయన మాత్రం ఫైల్లో రాశారు, "తల్లీకూతుళ్లకు వంశపారంపర్యంగా రేఖలు లేనట్లు అగుపించుచున్నది. జన్యు కోణంలో పరిశీలించదగును" అని. రాజులమ్మ ఆ కాగితం వంక చూసి, పని అయిపోయిందనుకుని, "సల్లగుండండి బాబూ" అని దండం పెట్టి వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఫైలు తీసి బీరువాలో పెట్టాను. అదే నా ఉద్యోగం.

మరో వారానికి సమీక్షా సమావేశం జరిగింది. సదానందం గారు గోడ మీద ఒక పటం వేయించి చూపించారు. మొదటి ఏడు నూటికి నూరు మంది ఉన్నారు. రెండో ఏడు డెబ్బై మంది ఉన్నారు. మూడో ఏడు ముప్పై లోపుకి పడిపోయారు.

"దీన్నిబట్టి ఏం తేలుతోంది?" అని ఆయన అందర్నీ అడిగారు.

"పిల్లలు బాగా పని చేస్తున్నారని" అంది మార్తమ్మ మేడం.

"కాదు మేడం. నర్సింగ్ విద్య వల్ల నర్సింగ్ విద్యార్థినులు అంతరించిపోతున్నారని తేలుతోంది. దీనికి మూలకారణం హస్త ప్రక్షాళన." ఆయన పటం మీద వేలు పెట్టి చూపించారు. "ప్రభుత్వం నిధులు విడుదల చేసేది బొటనవేలి ఆధారంగా. అంటే ఆ బొటనవేలు పథకం తాలూకు ఆస్తి. ప్రభుత్వ ఆస్తిని రోజుకి యాభైసార్లు సబ్బు పెట్టి రుద్ది అరగదీసే హక్కు లబ్ధిదారుకి ఎవరిచ్చారు?"

"కడుక్కోకపోతే ఇన్ఫెక్షన్లు వస్తాయి సార్! పిల్లలు చచ్చిపోతారు!" మేడం గొంతు పెరిగింది.

"ఇన్ఫెక్షన్ ఆరోగ్య శాఖ చూసుకుంటుంది మేడం. ముద్ర మా శాఖది. ఎవరి పరిధిలో వాళ్లు ఉంటేనే పరిపాలనకి అందం."

నాలుగు రోజుల్లో 'అంగుళి రేఖా పరిరక్షణ మార్గదర్శకాలు' వచ్చాయి. ముప్పై ఆరు పేజీలు. లబ్ధిదారులు కుడి బొటనవేలిని తడపరాదు. వార్డుల్లో విద్యార్థినుల కుళాయిలకు తాళం వేసి, తాళంచెవి కార్యాలయ సూపరింటెండెంటు వద్ద ఉంచవలెను. ఆ సూపరింటెండెంటుని నేనే. సబ్బు కావలసినవారు కారణం చూపుతూ నాకు అర్జీ పెట్టుకోవాలి. ప్రతి బొటనవేలికీ వారానికి ఒక చెంచా కొబ్బరినూనె మంజూరు. వార్డు గోడ మీద చేతులు కడిగే ఏడు పద్ధతుల బొమ్మ ఉండేది, దాని మీద పెద్ద బొటనవేలి బొమ్మ అంటించారు. "నా ముద్ర, నా ఉనికి" అని దాని కింద రాయించారు.

వేలు పొరపాటున కూడా తడవకుండా ఉండడానికి, పిల్లలు డ్యూటీలో ఉన్నంతసేపూ కుడి బొటనవేలు పైకెత్తి ఉంచాలని పదిహేనో పేజీలో ఉంది. దాంతో వార్డంతా తెల్ల యూనిఫారాలూ, ఎత్తిన బొటనవేళ్లూ. ఆపరేషన్ అయి మత్తు దిగుతున్న ఒక తాతగారు కళ్లు తెరిచి అది చూసి, "అంటే నాకు బాగైపోతాదనేటమ్మా?" అని ఏడ్చేశాడు, తనూ బొటనవేలు ఎత్తాడు. పక్క మంచం వాళ్లూ ఎత్తారు. ఆ రోజు తనిఖీకి వచ్చిన సదానందం గారు దాన్ని "పథకం పట్ల రోగుల్లో వెల్లువెత్తిన హర్షం"గా నమోదు చేశారు.

ఒక్క చేత్తో మంచం మీద దుప్పటి మార్చడం కుదరదు. సూది వేయడం అసలే కుదరదు. పిల్లలు ఫిర్యాదు చేశారు. మార్గదర్శకాలకి అనుబంధం వచ్చింది. రోగిని తాకడం వల్లే కడుక్కోవాల్సి వస్తోంది కనుక, లబ్ధిదారులు రోగిని తాకరాదు. ఆరడుగుల దూరంలో నిలబడి సీనియర్ నర్సులు చేసేది చూసి, 'చేసినట్లు భావించి' రికార్డు రాయాలి. రెండో అనుబంధంలో ఆ ఆరడుగులు కూడా తీసేసి పిల్లల్ని మొత్తంగా తరగతి గదికి పిలిపించుకున్నారు. అక్కడ వాళ్లు గాలిలో సూదులు వేస్తూ, దిండుకి జ్వరం చూస్తూ నర్సింగ్ నేర్చుకున్నారు. దిండు ఏమీ అనేది కాదు. జ్యోత్స్నకి ఆగస్టు పదిహేనున 'ఉత్తమ రేఖా పురస్కారం' ఇచ్చారు. పాపం ఆ పిల్లది ఏ తప్పూ లేదు, స్టేజీ మీద సిగ్గుతో చచ్చిపోయింది.

ఇన్నీ జరుగుతుంటే హైమావతి మాత్రం తరగతి గదికి పోకుండా పసిగుడ్ల వార్డులోనే ఉండి, చేతులు కడుక్కుంటూనే ఉంది. కుళాయికి తాళం వేస్తే ఇంటినుంచి తెచ్చుకున్న చెంబుతో, స్టాఫ్ నర్సుల గది నుంచి నీళ్లు పట్టుకొచ్చుకుని కడుక్కుంది. అప్పుడు ఇచ్చిందే ఆ మెమో. దానికి ఆ పిల్ల సమాధానం మూడు వాక్యాలు. "కడుక్కున్నాను. రేపు కూడా కడుక్కుంటాను. ఆ పిల్లలు నా అరచేతి అంత ఉన్నారు." సదానందం గారు దాని పక్కన ఎర్ర సిరాతో "ధోరణి అభ్యంతరకరం" అని రాశారు.

జూలైలో ఎర్ర దీపం. ఆగస్టులో ఎర్ర దీపం. ఇక సెప్టెంబరు అయిదో తేదీ ఒక్కటే మిగిలింది. మార్తమ్మ మేడం హైమావతిని నా గదికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"చూడమ్మా, గీతలు మళ్లీ వస్తాయి. రెండు, మూడు వారాలు చేతులు తడపకుండా ఉంటే చాలు. సెలవు పెట్టి హాస్టల్లో పడుకో. సెప్టెంబరులో వేలు పెట్టి, పరీక్ష రాసి, నర్సువైపో. తర్వాత నీ ఇష్టం, జన్మంతా కడుక్కో."

"మరి వార్డులో పిల్లలు మేడం?"

"నువ్వొక్కత్తివే ఉన్నావా లోకంలో?" మేడం కసిరింది గానీ కళ్లు తుడుచుకుంది.

హైమావతి నా వైపు తిరిగి అంది, "మా అమ్మ చేతులు చూసేరు కదా సార్. నాకు భయంగా ఉంటాది. నాను పిక్కలు కొట్టడానికి ఎల్లను సార్. ఏదైనా చేస్తాను గానీ అదొక్కటి చెయ్యలేను." అని గబగబా ఏడ్చేసింది. నేను ఆ పిల్లకి సెలవు రాసిచ్చాను. వారానికి చెంచా కొబ్బరినూనె చాలదని, మా ఇంటినుంచి ఒక సీసా తెచ్చి ఇచ్చాను. దానికి అర్జీ అడగలేదు.

ఎనిమిది రోజులకి రహస్యంగా పిలిచి మిషను మీద వేలు పెట్టించాను. ఎర్ర దీపం వెలగలేదు. పచ్చదీ వెలగలేదు. పసుపు దీపం వెలిగి ఆరింది. "మరో వారం సార్!" అని ఆ పిల్ల నా బల్ల మీద చరిచింది. ఇరవై ఆరేళ్లలో నా బల్ల మీద ఎవరూ అంత సంతోషంగా చరవలేదు.

ఆ మర్నాడు సదానందం గారి కూతురికి ఏడో నెలలోనే పురుడొచ్చింది. పసివాడు కిలోన్నర కూడా లేడు. పేరున్న నర్సింగ్ హోం వాళ్లు చేతులెత్తేశారు. ఈ చుట్టుపక్కల అలాంటి పిల్లల్ని బతికించే వార్డు మా పెద్దాసుపత్రిలో తప్ప ఇంకెక్కడా లేదు. పదింటికల్లా సదానందం గారు చెదిరిన జుట్టుతో మా వార్డులో ఉన్నారు. ఇద్దరు స్టాఫ్ నర్సుల్లో ఒకామె కాన్పు సెలవులో ఉంది. రెండో ఆమె పద్నాలుగు మంది పిల్లల మధ్య ఒంటరిగా తిరుగుతోంది. సహాయానికి తరగతి గదిలోంచి ముగ్గురు విద్యార్థినుల్ని పిలిపించారు. ముగ్గురూ పైకెత్తిన బొటనవేళ్లతో వచ్చి నిలబడ్డారు.

వాళ్లలో ఒక పిల్ల పసివాడి మీదికి వంగబోయింది. సదానందం గారు కేకేశారు. "ఆగమ్మా! చేతులు కడుక్కున్నావా?"

"లేదు సార్" అంది ఆ పిల్ల, గర్వంగానే.

"ఇక్కడ చేతులు కడుక్కునేవాళ్లు ఎవరూ లేరా?" అని ఆయన అరిచిన అరుపు వరండా దాకా వినిపించింది.

మార్తమ్మ మేడం మెల్లగా అంది, "ఒకమ్మాయి ఉండేది సార్. మీరే మెమో ఇచ్చారు. వేలు ఆరబెట్టుకుంటోంది హాస్టల్లో."

"పిలవండి మేడం. మార్గదర్శకాల సంగతి తర్వాత చూద్దాం."

హైమావతి వచ్చింది. సదానందం గారు రెండు చేతులూ జోడించారు. "నా మనవడమ్మా. నువ్వే దిక్కు. నీ వేలి సంగతి నేను చూసుకుంటాను, నాది పూచీ." ఆ పిల్ల తన బొటనవేలి వంక ఒకసారి చూసుకుంది. తర్వాత నా వంక తిరిగి, "కుళాయి తాళం ఇయ్యండి సార్" అంది. ఇచ్చాను. నేను దాచిన తాళాలన్నిటిలోకీ ఇవ్వడానికి మనసు ఒప్పుకోనిది అదొక్కటే. ఆ పిల్లకి ఇంకొక్క వారం చాలేది.

పద్దెనిమిది రోజులు ఆ పిల్ల వార్డు వదల్లేదు. ఉగ్గుగిన్నెతో గంటకోసారి పాలు పట్టేది. వాడి తల్లి గుండెల మీద వాణ్ని బట్ట కట్టి పడుకోబెట్టేది. సదానందం గారు రోజుకి పదిసార్లు మనవణ్ని చూడ్డానికి వచ్చేవారు, వచ్చినప్పుడల్లా ఆ పిల్ల గుమ్మంలో ఆపేది.

"సార్, చేతులు."

"కడిగానమ్మా ఇందాకే."

"ఇందాక ఇందాకే. మళ్లీ కడగండి. గోళ్ల సందులు కూడా. బొటనవేలు ఇలా మెలి తిప్పి రుద్దాలి. అలక్కాదు సార్, గట్టిగా."

ముప్పై ఆరు పేజీల మార్గదర్శకాలు రాయించిన మనిషి సబ్బు పెట్టి బొటనవేలు మెలి తిప్పి రుద్దుకునేవారు. ఇంట్లో కూడా గంటగంటకీ స్పిరిటు రాసుకునేవారట. పసివాడు రెండు కిలోలు దాటాడు. సెప్టెంబరు మూడున వాళ్లని ఇంటికి పంపేటప్పుడు ఆయన హైమావతి తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు మా ఇంటి దేవతవమ్మా" అని ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు, నేను చూశాను.

అయిదో తేదీ ఉదయం హైమావతి మిషను మీద వేలు పెట్టింది. ఎర్ర దీపం. తొమ్మిది వేళ్లు మార్చి చూసింది. ఆడగొంతు పదిసార్లు ధన్యవాదములు చెప్పింది.

"ఏం పర్లేదమ్మా, సారు మాటిచ్చారు కదా" అన్నాను. పిల్ల నమ్మింది. చెప్పొద్దూ, నేనూ నమ్మాను.

మధ్యాహ్నం సదానందం గారు వచ్చారు. నెల జాబితా ఖరారు కావాలంటే అధికారి కూడా అదే మిషను మీద వేలు పెట్టాలి. ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని, చొక్కా చెయ్యి సర్దుకుని, బొటనవేలు పెట్టారు. ఎర్ర దీపం వెలిగింది.

"వ్యక్తి లభ్యం కాలేదు. ధన్యవాదములు."

ఆయన వేలు తుడిచి మళ్లీ పెట్టారు, ఎడమచెయ్యి కూడా పెట్టారు. మిషను ఆయన్ని ఎంత వెతికినా దొరకలేదు. వెంటనే రాజధానికి ఫోను చేశారు. నేను అర్జీ పెట్టుకున్న జీతం సవరణ రెండేళ్లుగా నడుస్తోంది, కానీ ఆ ఉత్తర్వు మాత్రం నాలుగున్నరకల్లా వచ్చింది. "విధి నిర్వహణలో రేఖాక్షయమునకు గురైన గెజిటెడ్ అధికారులకు వేలిముద్ర నుండి మినహాయింపు ఇవ్వడమైనది. వారి సంతకమే చాలును."

నేను ఆగలేకపోయాను. "సార్, ఇదే కాగితంలో హైమావతిని కూడా చేర్పిస్తే సరిపోతుంది కదా. ఒక్క లైను సార్. ఆ పిల్ల రేఖలు పోయింది కూడా విధి నిర్వహణలోనే. మీ ఇంటి విధే."

"పట్నాయక్ గారూ, భావోద్వేగం వేరు, పరిపాలన వేరు. ఆ అమ్మాయి మీద నాకెంత అభిమానమో మీకు తెలుసు. కానీ ఆమె విషయం మిషను తేల్చేసిందండీ."

"మీ విషయం కూడా మిషనే తేల్చింది కదా సార్."

ఆయన నా వంక జాలిగా చూశారు. "నా విషయంలో మిషను పొరపడిందయ్యా."

మినహాయింపు వచ్చాక ఆయన పెన్నుతో పెట్టిన మొదటి సంతకం, తామాడ హైమావతి పేరు పథకంలోంచి కొట్టేసిన కాగితం మీదే పడింది. అది కూడా నేనే టైపు చేశాను. మార్తమ్మ మేడం ఫీజు తను కడతానంది. మేడం జీతం గడువు తేదీకి చేతికి రాలేదు. వచ్చాక అడిగితే, పథకంలోంచి కొట్టేసిన పేరుకి హాల్ టికెట్ ఇచ్చే వీలు కంప్యూటర్లో లేదన్నారు. పరీక్షలు అయిపోయాయి. నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది రాశారు. మిగతా ఎరుపు పిల్లలకి దిండు దగ్గర కూర్చున్నందుకు గీతలు తిరిగొచ్చాయి. ఆ ఏడాది మా కాలేజీకి 'నూరు శాతం ఉనికి సాధించిన సంస్థ' అని షీల్డు వచ్చింది. లేనివాళ్లని తీసేశాక ఉన్నవాళ్లంతా ఉన్నట్టే లెక్క.

నవంబరులో ఒకరోజు పొద్దున్నే నా బల్ల మీద ఫోను మోగింది. సదానందం గారు.

"పట్నాయక్ గారూ, బాబుకి జలుబు చేసింది. పాలు పట్టడం లేదు, ఎవరెత్తుకున్నా ఏడుస్తున్నాడు. డాక్టరు గారు మళ్లీ ఉగ్గుగిన్నెతో పట్టమన్నారు, మా వాళ్లకి చేతకావడం లేదు. ఆ అమ్మాయిని ఒకసారి మా ఇంటికి పంపండి. హైమావతి."

నేను రిజిస్టరు తెరిచాను. తెరవక్కర్లేదు గానీ తెరిచాను. "సార్, ఆ పేరుతో ఇక్కడ వ్యక్తి లభ్యం కాలేదు."

"అదేమిటయ్యా! లేకపోవడమేమిటి? పద్దెనిమిది రోజులు నా కళ్లెదుట ఉంది! నా చేత రోజుకి పదిసార్లు చేతులు కడిగించింది!"

"కళ్లెదుట ఉండడం ఆధారం కాదు సార్. అది కేవలం పరిస్థితి."

అవతలినుంచి పసివాడి ఏడుపు ఫోనులో సన్నగా వినిపిస్తోంది. నా రోషం అంతా ఆ ఏడుపు దగ్గర ఆగిపోయింది. వాడేం చేశాడు పాపం. మామూలు గొంతుతో చెప్పాను.

"రైలు గేటు దాటాక ఎడమచేతి వైపు మూడో జీడి ఫ్యాక్టరీ సార్. వాళ్లమ్మ పక్కనే కూర్చుని పిక్కలు కొడుతోంది."

"ఫ్యాక్టరీలో చేరిందా? అక్కడెలా తీసుకున్నారు? వేలిముద్ర పడదు కదా?" అన్నారాయన, అలవాటు కొద్దీ.

"అక్కడ వేలిముద్రలు ఎవరూ అడగరు సార్" అన్నాను. "అక్కడ ఎవరికీ ఉండవు."